అక్క డబ్బుతో కొన్న కెమెరా అమ్మి కీబోర్డు కొనాలా?

వరంగల్ నుంచి ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది.

వయసు 28. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తారు. జీతం 18 వేలు. నాలుగేళ్ల కింద పరకాలలో ఉండే అక్క తన చిట్టీ డబ్బుల్లోంచి 40 వేలు తీసి చేతిలో పెట్టి, కెమెరా కొనుక్కోమన్నది. బావకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆ కెమెరాతో ఖిలా వరంగల్ తోరణాలు, వేయి స్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ, మిర్చి యార్డు, ఇలా తీరిక దొరికినప్పుడల్లా తీశారు. ఒక ఫొటో పేపర్ జిల్లా పేజీలో వచ్చింది. బాపు దాన్ని కత్తిరించి బీరువా తలుపుకు అతికించారు. ఆ తర్వాత నుంచి ఏది తీసినా పాతదే మళ్లీ తీసినట్టు అనిపించడం మొదలైంది.

పోయిన సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు ఫొటోల కోసం వెళ్లి, ఫోన్‌లో ఒగ్గు డోలు, అంటే మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారుల డోలు, రికార్డు చేశారు. ఇంటికొచ్చి ఒక యాప్‌లో దాన్ని ముక్కలు చేసి, మళ్లీ పేర్చి, కింద బేస్ పెట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి రోజూ రాత్రి పాత ల్యాప్‌టాప్ ముందు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటున్నారు. కొన్ని రాత్రులు చెవుల్లో గుయ్యిమంటోందని కూడా రాశారు. కెమెరా బ్యాటరీ చార్జింగ్ పెట్టి నెలలు దాటింది.

హైదరాబాద్ క్లబ్బుల్లో డీజేగా చేసే స్నేహితుడు కెమెరా అమ్మేసి కీబోర్డు, ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కుని వచ్చెయ్యమంటున్నాడు. కాజీపేటలో స్టూడియో నడిపే ఒకాయన పెళ్లిళ్లకు రెండో కెమెరామన్‌గా రమ్మంటున్నారు. అమ్మకు డీజే అంటే బరాత్ ముందు బాక్సులు మోగించే పిల్లాడే. సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకు ఏం చెప్పాలె అని ఆమె దిగులు. బాపు మాత్రం అది మన సంగీతం కాదని ఒక్క మాటలో తేల్చేశారు. ఇక అక్క ఫోన్ చేసినప్పుడల్లా "కొత్తయి ఏం తీసినవ్ తమ్మీ, పంపరాదూ" అంటుంది. ఆయన పాత ఫొటోలు పంపుతున్నారు.

"నేను నిలకడ లేని మనిషినా? రెంటికీ చెడ్డ రేవడిని అవుతానా? ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమా? కెమెరా అమ్మాలా, వద్దా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అక్కకు పాత ఫొటోలు పంపుతున్నానన్న వాక్యం. మిగతాదంతా కెమెరా, కీబోర్డు, హైదరాబాద్ అంటూ నడిచింది కానీ మీ టెన్షన్ మూలం ఇక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. దాని గురించి వివరంగా మాట్లాడుకుందాం. అంతకుముందు, మీరు మీ మీద వేసుకున్న నిందను తీసేయాలి.

నిలకడ లేని మనిషి దుకాణం తెరిచే లోపు ఖిలాకు వెళ్లి వెలుగు కోసం చలిలో నిలబడడు. అదీ ఏళ్ల తరబడి. ఐనవోలుకు మీరు వెళ్లింది ఫొటోల కోసం. పట్నం (రంగు పొడులతో వేసే పూజ ముగ్గు) వేస్తున్న ఒగ్గు పూజారి వేళ్లను కెమెరాలోంచి చూస్తూ ఉండగానే ధ్యాస డోలు మీదికి పోయిందని మీరే రాశారు. మిర్చి యార్డు గురించి రాసిన పేరా మళ్లీ ఒకసారి చదువుకోండి. ఎర్రటి కుప్పల గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. ధర పలికే జెండా పాట వేలం, బస్తా కాంటా మీద పడే చప్పుడు, హమాలీల కేకలు, ఘాటుకు యార్డంతా ఒక్కసారిగా దగ్గడం, వీటి గురించి మాత్రం పేజీ నింపారు. నాలుగేళ్లు కంటితో చేసిన సాధనే ఇప్పుడు చెవికీ అందింది. దీన్ని చపలత్వం అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఎలక్ట్రానిక్ సంగీతం పుట్టుకలోనే ఇలాంటి వినికిడి ఉంది. 1948లో పారిస్ రేడియోలో ఇంజనీరుగా ఉన్న పియర్ షాఫర్ రైల్వే స్టేషన్‌కు వెళ్లి ఇంజిన్ల చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చాడు. ఆ ముక్కలను తిప్పి, పేర్చి ఒక కూర్పు తయారుచేశాడు. వాయిద్యం ఒక్కటీ వాడలేదు. డోలుతో మీరు చేసిందీ అదే పని. పైగా కాజీపేట జంక్షన్ మీకు కూతవేటు దూరంలో ఉంది.

ఇక కొంచెం కష్టంగా ఉండే మాట చెబుతాను. ఫొటోల మీద మీ ఇష్టం ఎప్పుడు సన్నగిల్లిందో గమనించారా? పేపర్లో ఫొటో పడ్డాక. మొదటి ఒకటి రెండేళ్లు ఎవరికైనా నేర్చుకోవడం ఉరుకుల మీద సాగుతుంది. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ లాంటి వెలుగును సర్దే సెట్టింగులు చేతికి అలవాటవుతాయి. పొద్దు పొడిచే వేళ తోరణం తీస్తే బాగానే వస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ తర్వాత వచ్చేది గడ్డు దశ. అందరూ తీసే తోరణాన్ని మీరూ చక్కగా తీయగలరు. మీరు తప్ప వేరే ఎవరూ తీయలేని ఫొటో ఏదో మాత్రం ఇంకా దొరకలేదు. చాలామంది అక్కడ ఆగిపోతారు, లేకపోతే కొత్త లెన్సు కొని కొన్నాళ్లు ఊరట పొందుతారు. మీకు సరిగ్గా ఆ సమయంలో డోలు వినిపించింది.

సంగీతంలో మీరిప్పుడు మొదటి ఏడాదిలో ఉన్నారు. కూర్చున్న ప్రతి రాత్రీ ఏదో ఒకటి కొత్తగా తెలుస్తుంది. ఇంకో ఏడాదికో రెండేళ్లకో ఇక్కడా ఆ గడ్డు దశ తప్పదు. చేసిన ప్రతి ట్రాకూ పాతదే అనిపిస్తుంది. అప్పుడు కీబోర్డు కూడా అమ్మేస్తారా? కెమెరాను బేరానికి పెట్టే ముందు ఈ ప్రశ్నకు మీలో మీరు జవాబు వెతుక్కోండి. బాగా ఆలోచించాక కూడా ఫొటోలు తీయాలని లేదని తేలితే, అందులో తప్పేమీ లేదు. ఇష్టాలు అయిపోతాయి. కానీ విసుగు వేరు, ఇష్టం అయిపోవడం వేరు. మీ ఉత్తరంలో నాకు మొదటిదే ఎక్కువగా కనిపించింది.

మన వరంగల్ మనిషే గుడిమల్ల భరత్ భూషణ్ గారు, 2022లో కన్నుమూశారు, బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. ఏటా అదే పండుగ, అవే తంగేడు పూలు, అవే వాకిళ్లు. ఆయన కుంచె కూడా పట్టారు. బొమ్మలు గీయడం వల్ల ఆయన ఫొటోలకు లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. రెండు పనులు ఒకే మనిషిలో ఉండడం కొత్తేమీ కాదని చెప్పడానికే ఇది చెబుతున్నాను. విసుగు సంగతికి వస్తే, నాకు తోచిన దారి ఒకటుంది. కొన్నాళ్లు తోరణాలను, గుళ్లను వదిలేసి మీ యార్డులోనే, మీకు పేరు తెలిసిన మనుషుల్నే తీసి చూడండి. వాళ్లను అడిగి, వాళ్ల పనికి అడ్డం రాకుండా. అక్కడ మాత్రం లెన్సు మార్చకండి, మిర్చి దుమ్ము సెన్సర్ మీదికి చేరితే వదలదు.

ఇప్పుడు అమ్మకం సంగతి. అమ్మితే ఏమవుతుంది? మార్కెట్ లోపల అద్దం లేని కొత్త తరం మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లింది. మీ దగ్గరున్న లాంటి అద్దం ఉండే మామూలు డీఎస్ఎల్ఆర్‌కు, అదీ నాలుగేళ్లు వాడినదానికి, సగం ధర రావడమే కష్టం. రేపు మళ్లీ కావాలనుకుంటే అంత డబ్బుకు దొరకదు. ఇంకో వైపు, వచ్చిన డబ్బుతో కొనే వస్తువులు మీకు ఈరోజు అవసరమా అన్నది నా అనుమానం. ఆడియో ఇంటర్‌ఫేస్ ముఖ్యంగా మైకు, గిటార్ లాంటివి కంప్యూటర్‌లోకి రికార్డు చేసేవాళ్లకు కావాలి. మీరు బయట రికార్డు చేసుకొచ్చి ల్యాప్‌టాప్‌లో పేర్చే మనిషి. మీకు ముందు కావలసింది మంచి వైరు హెడ్‌ఫోన్లు. బ్లూటూత్‌వి వద్దు, మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం కుదరదు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, నచ్చితే సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌లోని స్వరాలు వాయించే 25 మీటల చిన్న మిడి కీబోర్డు 10 వేల లోపు దొరుకుతుంది. చాలా కీబోర్డులతో పాటు ఏబుల్టన్ లైవ్ లైట్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు కూడా. అంటే కెమెరా ఉంచుకుని కూడా, మీ జీతంలో కొన్ని నెలలు కొంచెం కొంచెం దాచుకుంటే సరిపోయే ఖర్చు ఇది. మీ స్నేహితుడు చెప్పిన సామాను అతని పనికి తగ్గది.

డోలును లూప్ చేస్తే, అంటే ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పితే, ప్రాణం పోయినట్టుందని మీరు రాసిన మాట నాకు చాలా నచ్చింది, అది చెవి ఉన్నవాళ్లు అనే మాట. దానికి కారణం ఉంది. ఒగ్గు కథలో డోలు వేగం కథతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి దెబ్బనూ లాగి గీత మీద పెడుతుంది. క్వాంటైజ్ అనే ఆ ఏర్పాటును ఆపేయండి. రెండు దెబ్బల ముక్క బదులు పూర్తి దరువును తీసుకుని, బేస్‌ను డోలుకు తగ్గట్టు జరపండి, డోలును తాళం లెక్క కొట్టే మెట్రోనోమ్‌కు తగ్గట్టు జరపకండి. ఇంకో కారణం మీ ఫోన్. అది పెద్ద శబ్దాన్ని తనంతట తానే అణిచేస్తుంది. అందుకే డోలు దెబ్బ డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. నన్నడిగితే కీబోర్డు కంటే ముందు ఒక చిన్న రికార్డర్ కొనమంటాను. వేవ్ ఫార్మాట్‌లో పెట్టుకుని, అతి పెద్ద దెబ్బ కూడా రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. తగ్గించి రికార్డు చేసినదాన్ని పెంచుకోవచ్చు. పగిలిన శబ్దాన్ని బాగుచేయడం మాత్రం చాలా కష్టం.

ఇక అక్క.

ఆమె ఇచ్చింది 40 వేలు మాత్రమే కాదు. చిట్టీ ఎత్తి, ఇంట్లో చెప్పకుండా, తన అవసరం ఏదో ఒకటి ఆపుకుని ఇచ్చింది. మీకది తెలుసు, అందుకే ఆమెకు నిజం చెప్పలేకపోతున్నారు. కానీ పాత ఫొటో పంపిన ప్రతిసారీ ఈ అబద్ధం ఇంకాస్త పెద్దదవుతోంది. రేపు ఆమె ఆ ఫొటోను ఎవరికో చూపిస్తే, ఇది ఎప్పుడో చూశామే అని వాళ్లంటే? కెమెరా పక్కన పడిందని తెలిస్తే ఆమెకు కాస్త బాధ కలుగుతుంది. ఇన్నాళ్లూ మీరు తనను నమ్మించారని తెలిస్తే కలిగే బాధ వేరు.

మీకిక్కడ దారులు ఉన్నాయి. ఏదీ సులువైంది కాదు. చెప్పకుండా కెమెరా అమ్మితే కొన్నాళ్లు నడుస్తుంది. కానీ పండక్కి అక్క ఇంటికొచ్చి పిల్లల ఫొటోలు తీయమంటే ఏం చేస్తారు? పైగా బావకు తెలియని డబ్బు ఇది. సంగతి గొడవగా బయటపడితే మాట పడాల్సింది మీరు కాదు, ఆమె. ఈ ఒక్క కారణం చేత ఆ దారి గురించి నేను మంచి మాట చెప్పలేను.

40 వేలు తిరిగి ఇచ్చేస్తే బరువు దిగుతుందని రాశారు. దిగవచ్చు. ఆమెకు ఇప్పుడు డబ్బు అవసరం ఉంటే సంతోషిస్తుంది కూడా. కానీ ప్రేమతో ఇచ్చినదాన్ని లెక్క తేల్చినట్టు తిరిగి ఇస్తే కొందరు అక్కల మనసు ముక్కలవుతుంది. మీ అక్క ఏ రకమో మీకే తెలియాలి. అడగకుండా డబ్బు మాట ఎత్తకండి.

మూడో దారి, ఏ నిర్ణయం తీసుకోకముందే వెళ్లి చెప్పడం. వాట్సాప్‌లో కాదు. బావ పనికి వెళ్లిన వేళ చూసుకుని పరకాలకు వెళ్లండి. పంపినవి పాత ఫొటోలని ముందు చెప్పేయండి, తర్వాత ఐనవోలు ట్రాక్ వినిపించండి. "కెమెరా అమ్మాలనుకుంటున్నా" అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఆమెకు మిగిలేది ఒప్పుకోవడమో, అలగడమో. ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు. అది ఆమె హక్కు. వెంటనే సర్దిచెప్పే తొందర పడకుండా వినండి. ఏమీ అనకుండా "అమ్ముకో తమ్మీ" అని కూడా అనవచ్చు. అప్పుడైనా ఆ రోజే ఒప్పేసుకోకుండా కొన్ని వారాలు ఆగండి. నొచ్చుకుని కూడా తమ్ముడి కోసం సరే అనేవాళ్లు మన ఇళ్లలో చాలామంది.

స్టూడియో ఆయన మాటను మీరు చాలా తక్కువ చేసి రాశారు. నేనైతే అంత తేలిగ్గా తోసేయను. పెళ్లిలో పనిచేస్తే వెలుగు మీ చేతిలో ఉండదు, క్షణం తిరిగి రాదు, మనుషులు మీరు చెప్పినట్టు నిలబడరు. ఖిలాలో మీకు దొరకని పాఠాలు ఇవి. నష్టమూ ఉంది. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు సరిగ్గా కొత్త మిర్చి యార్డుకు పోటెత్తే రోజుల్లో వస్తాయి. పగలు దుకాణం, రాత్రి పెళ్లి అంటే సంగీతం మాట అటుంచి నిద్ర కూడా ఉండదు. డబ్బు కోసం తీసీ తీసీ ఉన్న కాస్త ఇష్టం చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే శ్రావణం, కార్తీకం ముహూర్తాలకు మాత్రం వస్తానని అడిగి చూడండి. ఇంకో మాట కూడా అడగవచ్చు. పెళ్లి వీడియోలకు సినిమా పాటలు పెడితే కాపీరైట్ వల్ల సోషల్ మీడియాలో మూగపోతున్నాయి. వాటికి మీరు సొంత సంగీతం చేసి ఇస్తానంటే ఆయనకూ పనికొస్తుంది. అయితే ముందు ఒక్క వీడియోకు చేసి, దానికి విడిగా డబ్బు ఎంతో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. లేకపోతే అది కూడా ఫ్రీ లెక్కలో పోతుంది.

హైదరాబాద్ గురించి ఎక్కువ చెప్పను. మీ స్నేహితుడు క్లబ్బులో ఇతరుల ట్రాకులు కలిపి వాయిస్తాడు. మీరు సొంతంగా ట్రాకు తయారుచేస్తున్నారు. రెండూ మంచి పనులే, కానీ వేరు వేరు పనులు. మీ పని పరకాల బస్టాండులో కూర్చుని కూడా చేయవచ్చు. ఉద్యోగం వదిలి వెళ్తే అద్దె కోసం అతని పని మీరూ చేయాల్సి వస్తుంది. అది మీకు ఇష్టమేనా అని నాలుగు రోజులు అతని దగ్గర ఉండి చూసి రండి. వయసు గురించి బెంగ వద్దు, 28 ఏ లెక్కన చూసినా ఆలస్యం కాదు.

బాపుతో వాదన పెట్టుకోకండి. అడిగితే మాత్రం చెప్పడానికి ఉన్నది చాలా ఉంది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యంతో, స్టూడియో పెట్టారు. మృదంగం లాంటి పఖవాజ్ నేర్చిన గీతా సారాభాయ్ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో మన రాగాలనే సింథసైజర్, డ్రమ్ మెషీన్ మీద రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, దాదాపు 30 ఏళ్ల తర్వాత ప్రపంచం వెతుక్కుని విన్నది. అమ్మకు ఈ చరిత్ర అక్కర్లేదు. ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టి మల్లన్న డోలు వినిపించండి. సంబంధం వాళ్లకు మీ ఉద్యోగం చెబితే చాలు, మిగతాది ఆ అమ్మాయికి మీరే చెప్పుకోవచ్చు.

చెవుల గుయ్యిని చిన్నగా తీసుకోకండి. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. మీరు రాత్రుళ్లు ఇయర్‌ఫోన్లలో బేస్ పెంచి వింటున్నారు. వాల్యూమ్ సగానికి తగ్గించి, మధ్య మధ్యలో చెవికి విశ్రాంతి ఇవ్వండి. అయినా తగ్గకపోతే కీబోర్డు కంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్ ఫీజుకు డబ్బు తీయండి.

చివరిగా మీరు అడగని విషయం ఒకటి. ట్రాక్ పూర్తయ్యాక ఇంటర్నెట్‌లో పెడతానన్నారు. అందులోని డోలు ఐనవోలులో ఒక బృందం వాయించింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వాయించినవాళ్లకు తమ ప్రదర్శన మీద హక్కు ఉంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తరతరాలుగా ఆ విద్యను కాపాడుకుంటున్నవాళ్లను అడగకుండా వాడుకోవడం నాకు సరైనదిగా అనిపించదు. జాతర ఉగాది దాకా సాగుతుంది కాబట్టి వాళ్లను కలవడం కష్టం కాదు. వినిపించండి, పేరు ఎలా వేయాలో అడగండి, డబ్బు వస్తే వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి. వద్దంటే ఆ ట్రాక్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుని, యార్డు చప్పుళ్లతో ఇంకోటి మొదలుపెట్టండి.